బ్రిగేడియరుకి కుర్చీ ఉంది, వలేసేవాడికి లేదు

సంక్రాంతికి ఊరెళ్ళొచ్చినప్పటి నుంచీ ఈ విషయం రాయాలనుకుంటున్నాను. రిలీజులూ, బద్ధకమూ కలిసి ఇన్నాళ్ళూ పడనివ్వలేదు. ఇవాళ ఆదివారం, కరెంటుంది, కోపం కూడా ఇంకా చల్లారలేదు. కాబట్టి మొదలుపెట్టేస్తున్నా. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది ఆకివీడు పక్కన పల్లెటూరు. మా బాబాయికి కొల్లేరు వైపు లీజుకి తీసుకున్న చేపల చెరువుంది. కనుమ రోజు భోజనాలయ్యాక అరుగు మీద కూచున్నాం. ఆయన మొదలెట్టాడు.

"ఏరా, మీరంతా హైదరాబాదులో ఏసీ గదుల్లో కూచుని పక్షులూ పక్షులూ అంటారు. ఆ అయిదో కాంటూరు తీసేసి మూడుకి తగ్గించేస్తే పీడా పోద్ది కదా. ఆ ముక్క నీ కంప్యూటర్లో రాయొచ్చుగా!"

"తగ్గించేదెవరు బాబాయ్?"

"ఇంకెవరు? గవర్నమెంటు. ముఖ్యమంత్రి సంతకం పెడితే అయిపోద్ది."

"అవదు బాబాయ్. దానికి బోర్డు సిఫార్సు కావాలి."

"బోర్డా? ఏం బోర్డు? కరెంటు బోర్డా?"

వన్యప్రాణి బోర్డు అని చెప్పాను. ఆయన ఓ నిమిషం ఆలోచించి, "అందులో మనోళ్ళెవరన్నా ఉన్నారా?" అనడిగాడు.

అందరం నవ్వేశాం. "మనోళ్ళు" అంటే ఆయన ఉద్దేశం ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు :) కానీ బస్సెక్కి తిరిగొస్తుంటే అర్థమైంది, ఆ రోజు అరుగు మీద అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. బోర్డు ఏం చేస్తుందన్నది తర్వాత. అందులో ఎవరున్నారు? వాళ్ళని ఎవరు కూర్చోబెట్టారు? వద్దనే ధైర్యం వాళ్ళలో ఎవరికుంది?

తెలియనివాళ్ళ కోసం కొల్లేరు సంగతి రెండు ముక్కల్లో. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్యలో పళ్ళెంలాంటి పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా చిన్నాచితకా వాగులూ డ్రైన్లూ అన్నీ తెచ్చి ఇందులో పోస్తాయి. బయటికి సముద్రంలోకి తీసుకుపోయేది మాత్రం ఒక్క ఉప్పుటేరు. 1999లో ప్రభుత్వం +5 కాంటూరు దాకా, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుగట్లు పగలగొట్టారు. 2008లో అదే రాష్ట్ర శాసనసభ, గీతని +3 కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసింది. అంటే సుమారు 135 చదరపు కిలోమీటర్లు, సగం కూడా కాదు. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ, తగ్గించడం సరికాదని తేల్చింది. ఇప్పటికీ ఎన్నికలొస్తే చాలు, ఆ మూడో కాంటూరు హామీ చెక్కపెట్టెలోంచి పట్టుచీర తీసినట్టు బయటికి తీస్తారు.

శాసనసభ తీర్మానం చేశాక కూడా గీత ఎందుకు జరగలేదు? వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ అడ్డొచ్చింది. జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు లేకుండా ఏ రాష్ట్ర ప్రభుత్వమూ అభయారణ్యం హద్దులు మార్చకూడదు. దానికి తోడు 2000లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది. ఇది పైనున్న బోర్డు సంగతి. కింద, ప్రతి రాష్ట్రానికీ ఒక రాష్ట్ర వన్యప్రాణి బోర్డుంటుంది. నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా దీని గురించే. ఎందుకంటే అభయారణ్యంలో రోడ్డన్నా, కాలవన్నా, కరెంటు లైనన్నా కాయితం ముందు ఇక్కడికే వస్తుంది. ఇక్కడ "సరే" అంటేనే పైకి వెళ్తుంది.

ఈ బోర్డులో ఎవరుండాలో చట్టం ఆరో సెక్షన్లో జాబితా ఉంది. నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. మీరూ లెక్కపెట్టండి.

అధ్యక్షుడు ముఖ్యమంత్రి. ఉపాధ్యక్షుడు అటవీ మంత్రి. ముగ్గురు శాసనసభ్యులు. అక్కడికి అయిదుగురు.

అధికారులు పదముగ్గురు. అటవీ శాఖ కార్యదర్శి, అటవీ శాఖ అధిపతి, గిరిజన సంక్షేమ కార్యదర్శి, పర్యాటక సంస్థ ఎండీ, ఐజీకి తగ్గని పోలీసు అధికారి, బ్రిగేడియరుకి తగ్గని సైన్యం ప్రతినిధి, పశుసంవర్ధక శాఖ డైరెక్టరు, మత్స్యశాఖ డైరెక్టరు, కేంద్ర వన్యప్రాణి విభాగం పంపే అధికారి, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒకరు, బొటానికల్ సర్వే నుంచి ఒకరు, జువలాజికల్ సర్వే నుంచి ఒకరు, చివరగా సభ్య కార్యదర్శిగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్.

మిగిలింది పదముగ్గురు. స్వచ్ఛంద సంస్థల నుంచి ముగ్గురు, పేరున్న ప్రకృతి సంరక్షకులూ పర్యావరణ నిపుణులూ పదిమంది. ఆ పదిమందిలో కనీసం ఇద్దరు షెడ్యూల్డు తెగలవాళ్ళు ఉండాలి.

మొత్తం 31. అందులో ప్రభుత్వం జీతం తీసుకోకుండా, ఓట్లడగకుండా మాట్లాడగలిగేది ఆ 13 మందే అనుకుందాం. ఆ పదముగ్గురినీ నామినేట్ చేసేదెవరు? రాష్ట్ర ప్రభుత్వం. దాని అధిపతి ఎవరు? ముఖ్యమంత్రి. బోర్డు అధ్యక్షుడెవరు? ముఖ్యమంత్రి. బోర్డు సలహా ఇచ్చేది ఎవరికి? రాష్ట్ర ప్రభుత్వానికి!

అంటే ముఖ్యమంత్రి తను ఎంచుకున్న మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తనే అధ్యక్షత వహించి, తన ప్రభుత్వ ప్రాజెక్టు మీద తనకి తనే సలహా ఇచ్చుకుంటాడన్నమాట. అద్దం ముందు నిలబడి "ఏమంటావ్?" అని అడిగితే అద్దం ఏమంటుంది?

ఇది చదివినప్పుడు నాకు నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. పేరెందుకులెండి. అక్కడ రిలీజుకి ముందు టెస్టింగు టీమ్ లీడు "ఓకే" అనాలి. ఆ లీడుకి అప్రైజల్ రాసేది డెలివరీ మేనేజరు. రిలీజు తేదీ క్లయింటుకి మాటిచ్చేదీ ఆ డెలివరీ మేనేజరే. ఒకసారి ఒకమ్మాయి "ఇది వెళ్ళడానికి వీల్లేదు, పేమెంటు రెండుసార్లు కట్ అవుతోంది" అంది. వారం తిరక్కుండా ఆ అమ్మాయి వేరే ప్రాజెక్టులో ఉంది. కొత్తగా వచ్చినతను ఓకే అన్నాడు. శుక్రవారం సాయంత్రం రిలీజు, శనివారం తెల్లవారుజామున మా అందరికీ ఫోన్లు. మా వాళ్ళెవరూ దుర్మార్గులు కాదు. ఆ కొత్తతను కూడా పని తెలిసినవాడే. కానీ "వద్దు" అన్నవాడికి ఖర్చయ్యేట్టు, "సరే" అన్నవాడికి ఏమీ కాకుండా ఏర్పాటు చేసుకుంటే, కొన్నాళ్ళకి "వద్దు" అనే మాటే వినపడదు. మేం పోగొట్టుకుంది ఒక వారాంతం. అడవి విషయంలో శనివారం తెల్లవారుజామున వెనక్కి తీసుకునే వీలుండదు. నరికిన చెట్టుకి రోల్‌బ్యాక్ లేదు.

"ఊరికే అనుమానపడుతున్నావ్, బోర్డులు బానే పనిచేస్తాయి" అంటారా? అయితే జరిగినవే చెప్తాను.

కర్ణాటక, 2020. హుబ్బళ్ళి నుంచి అంకోలాకి రైలుమార్గం. పడమటి కనుమల్లో దాదాపు 600 హెక్టార్ల అడవి పోతుంది. మార్చి 9న ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర బోర్డు కూచుంది. సభ్యులు వద్దన్నారు, ప్రతిపాదన ముందుకి కదల్లేదు. మార్చి 20న అదే బోర్డు మళ్ళీ కూచుంది. సిఫార్సు చేసేసింది! పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో కనుమలు మారలేదు, ఏనుగులు దారి మార్చుకోలేదు, లైను పొడవు తగ్గలేదు. దేశమంతా కరోనా భయంలో ఉంది. మారింది జవాబు ఒక్కటే. విషయం హైకోర్టుకెళ్ళింది, జూన్‌లో స్టే వచ్చింది.

ఇప్పుడు పై బోర్డు చూద్దాం. జాతీయ బోర్డులో అయిదుగురు స్వచ్ఛంద సంస్థల వాళ్ళు, పదిమంది నిపుణులు ఉండాలని చట్టం. 2014 జులైలో కొత్తగా వేసినప్పుడు, అయిదు సంస్థల చోట ఒకే ఒక్క సంస్థ, అదీ గుజరాత్ ప్రభుత్వం పెట్టింది. పదిమంది నిపుణుల చోట ఇద్దరు. ఆ బోర్డు స్థాయీ సంఘం ఆగస్టులో రెండు రోజులు కూచుని వందకి పైగా ప్రతిపాదనలు ముందేసుకుంది. అదే నెల సుప్రీంకోర్టు వాళ్ళ నిర్ణయాలు అమలు చేయకుండా ఆపింది. వందని రెండు రోజులకి పంచండి. ఒక్కో అభయారణ్యానికి ఎన్ని నిమిషాలు వచ్చాయో మీరే చూడండి. మా ఆఫీసులో కొత్త కుర్చీలు కొనాలంటే ఇంతకంటే ఎక్కువసేపు మాట్లాడుకుంటాం.

ఇంకోటి. జాతీయ బోర్డు అధ్యక్షుడు ప్రధానమంత్రి. ఆ పూర్తి బోర్డు 2012 సెప్టెంబరులో ఒకసారి కూచుంది. మళ్ళీ కూచుంది 2025 మార్చి 3న, గుజరాత్‌లోని గిర్‌లో. మధ్యలో పన్నెండున్నరేళ్ళు. అప్పుడు ఇంజనీరింగు సీటు కోసం కోచింగు సెంటర్లో తల బాదుకుంటున్న నేను, ఇప్పుడు హోమ్‌లోను కడుతున్నా. ఇన్నేళ్ళూ పని ఆగిందా అంటే లేదు, అంతా స్థాయీ సంఘంలోనే నడిచింది. అంటే మొత్తం బోర్డు పేరుకి, నిర్ణయాలన్నీ పక్కగదిలో.

ఈ పక్కగది పద్ధతిని 2022 సవరణతో రాష్ట్రాలకీ తెచ్చారు. ఇప్పుడు రాష్ట్ర బోర్డు కూడా స్థాయీ సంఘం వేసుకోవచ్చు. అందులో అటవీ మంత్రి, సభ్య కార్యదర్శి, ఇంకా పదిమందికి మించకుండా సభ్యులు. ఆ పదిమందినీ ఎంచుకునేది మంత్రిగారే. వాళ్ళలో కనీసం ఇంతమంది స్వతంత్ర నిపుణులుండాలన్న షరతు ఆ సెక్షన్లో లేదు. 31 మందిలో 13 మందైనా ఉన్నారు కదా అని సరిపెట్టుకుందామంటే, ఈ గదిలో ఒక్కరూ లేకపోయినా చట్టం దృష్టిలో తప్పు లేదు. చేపల మార్కెట్లో తూకం వేసేవాడే రాయి కూడా ఎంచుకుంటే ఎట్లా ఉంటుంది? అట్లా ఉంది.

సరే, కుర్చీలు ఎవరికున్నాయో చూశాం. ఎవరికి లేవో కూడా చూద్దాం. నాకు ఎక్కువ కోపం ఇక్కడే.

కొల్లేరు లంకల్లో తరాలుగా వలేసి, మావులు పెట్టి బతికేది వడ్డీలు. నీళ్ళు ఏ నెలలో ఎటు నడుస్తాయో, ఏ చేప ఎక్కడ గుడ్డు పెడుతుందో, గూడబాతులు ఏ ఏడు తక్కువొచ్చాయో వాళ్ళకి తెలిసినట్టు శాటిలైటుకి కూడా తెలియదు. వాళ్ళు ఎస్టీలు కాదు, కాబట్టి ఆ ఇద్దరి కోటాలోకి రారు. వాళ్ళకి పేరున్న సంస్థ లేదు, కాబట్టి ఆ ముగ్గురిలోకి రారు. "పేరున్న పర్యావరణ నిపుణుడు" అని వాళ్ళనెవరూ అనరు. బ్రిగేడియరుకి మాత్రం కుర్చీ ఉంది. పర్యాటక సంస్థ ఎండీకి ఉంది. ఆయన హోటలు కట్టాలనుకుంటాడు, అది ఆయన ఉద్యోగం, తప్పు పట్టను. సరిహద్దు అడవుల్లో సైన్యం అవసరం నాకూ తెలుసు. కానీ కొల్లేరులో ఏ దేశం మీద యుద్ధం?

"చదువుకోని వాళ్ళు బోర్డులో ఏం మాట్లాడతారు?" అనేవాళ్ళకి కలివికోడి కథ చెప్తాను. కడప జిల్లా పిట్ట అది. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. శాస్త్రవేత్తలు వెతికారు. 1986 జనవరిలో లంకమల అడవుల దగ్గర దాన్ని ప్రాణాలతో పట్టుకుని తెచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో. ఎనభై ఆరేళ్ళు ప్రపంచానికి లేని పిట్ట ఆయనకి ఉంది! దొరికిన పిట్ట బతకలేదు, అదో విషాదం. కానీ ఆ తర్వాత దానికోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలవ దారి మార్చారు. ఇంత జరగడానికి మొదట తెలిసిన మనిషి, ఇవాళ్టి బోర్డు జాబితాలో ఏ లైన్లోనూ పట్టడు.

ఇక నీళ్ళ సంగతి. చట్టం 29వ సెక్షన్ చూడండి. అభయారణ్యంలోకి వచ్చే నీళ్ళనిగానీ, అందులోంచి పోయే నీళ్ళనిగానీ మళ్ళించాలన్నా, ఆపాలన్నా, పెంచాలన్నా రాష్ట్ర ప్రభుత్వం ఈ బోర్డుని సంప్రదించాలి. అది అక్కడి వన్యప్రాణుల మేలుకే అని తేలితేనే అనుమతి. చాలా మంచి సెక్షను. కొల్లేరు లాంటి చోట ఇదే ప్రాణం. మరి 31 మందిలో నీళ్ళ ఇంజనీరు ఎక్కడ? వరద లెక్క తెలిసినవాడు ఒక్కడైనా ఉండాలని జాబితాలో లేదు. పోలీసు ఐజీగారు వరద లెక్క కడతారా?

ఇది పిట్టల గొడవ మాత్రమే అనుకునేవాళ్ళ కోసం ఒక్క మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ మీద పడింది. మా అత్తయ్య వాళ్ళిల్లు సింగ్‌నగర్లో. మూడు రోజులు మేడ మీదే ఉన్నారు, ఫోను చార్జింగు అయిపోయాక ఉన్నారో లేదో కూడా మాకు తెలియలేదు. ఆ వరదకి గండ్లు కారణం, వాగు మీద ఆక్రమణలు కారణం, ఒక్క దాని మీదే తోసెయ్యను. కానీ బుడమేరు నీళ్ళు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. కొల్లేరు కడుపు నిండా గట్లు కట్టి, అరవై కిలోమీటర్ల ఉప్పుటేరు గొంతు నొక్కితే నీళ్ళు ఎక్కడికి పోతాయి? నీళ్ళకి కాంటూరు తెలుసు బాబూ, శాసనసభ తీర్మానం తెలియదు. మూడో కాంటూరుకి మనం గీత జరపొచ్చు. వరదొచ్చినప్పుడు నీళ్ళు ఐదుకే వస్తాయి.

ఇంత చెప్పాక కొందరు అడిగేవి ఉంటాయి. ముందే జవాబు చెప్పేస్తా.

"అయితే అభివృద్ధి వద్దా? రోడ్లొద్దా?" కావాలి. మా ఊరి రోడ్డు చూస్తే మీకంటే నాకే ఎక్కువ కావాలి. బోర్డు అన్నిటికీ అడ్డు చెప్పాలని నేననడం లేదు. అడ్డు చెప్పగలిగే స్థితిలో ఉండాలంటున్నా. "వద్దు" అనగలిగినవాడు "సరే" అంటేనే ఆ సరేకి విలువ. ఎప్పుడూ "సరే" అనే బోర్డు ఉన్నా ఒకటే, రబ్బరు స్టాంపు కొనుక్కున్నా ఒకటే. స్టాంపుకి టీఏ డీఏ ఖర్చుండదు.

"ముఖ్యమంత్రి అధ్యక్షుడైతే బోర్డుకి బరువొస్తుంది కదా?" ఇది నిజంగా ఆలోచించాల్సిన మాటే. పై కుర్చీలో ఇందిరాగాంధీ ఉన్న రోజుల్లోనే 1972 చట్టం వచ్చింది, 1973లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చింది. కలెక్టరు మాట వినని శాఖలు కూడా ప్రధాని చెప్తే విన్నాయి. ఒప్పుకుంటాను. కానీ అది కూర్చున్న మనిషి ఇష్టం మీద నడిచిన బండి. మనిషి మారితే బండి దారీ మారుతుంది. మంచి మేనేజరు దొరికితే టెస్టింగు బాగా జరిగే కంపెనీ మంచి కంపెనీ కాదు. ఎవరొచ్చినా బాగా జరిగేదే మంచి కంపెనీ.

"పక్షుల పేరు చెప్పి మా భూములు లాక్కున్నారు" అని మా బాబాయి లాంటి వాళ్ళంటారు. ఇందులో సగం న్యాయం ఉంది. ఆ గీత లోపల అక్రమ చెరువులే కాదు, జిరాయితీ పట్టాలున్న చిన్న రైతులూ ఉన్నారు. ఆ పొలం పూర్తిగా వాడుకోవడానికీ లేదు, పరిహారం చేతికందిందీ లేదు. ఏళ్ళ తరబడి కాగితాల మధ్య నలుగుతున్నారు. అడవీ ప్రజలూ రెండూ బతికే దారి చూడమని ఎనిమిదో సెక్షన్లో బోర్డుకి పని అప్పజెప్పారు. గిరిజనుల, అడవి మీద బతికేవాళ్ళ అవసరాలకీ వన్యప్రాణుల రక్షణకీ పొత్తు కుదర్చాలని స్పష్టంగా ఉంది. బోర్డులో వాళ్ళ గొంతు ఉండి ఉంటే, పరిహారం మాట మొదటి రోజే వచ్చేది. గీత చెరిపేయాలన్న కోపం ఇంత పెరిగేది కాదు. స్వతంత్రమైన బోర్డు లేకపోవడం వల్ల పక్షులే కాదు, మా బాబాయి పక్కచేలో చిన్నరైతు కూడా నష్టపోయాడు. లాభపడింది వందల ఎకరాల చెరువులు బినామీల పేర్లతో నడిపే పెద్దలు. వాళ్ళకి బోర్డులో కుర్చీ అక్కర్లేదు, కుర్చీలేసేవాళ్ళే తెలుసు.

విమర్శించి ఊరుకోవడం తేలిక. నాకు తోచిన మార్పులు ఇవి.

1. ఆ 13 మందినీ ప్రభుత్వం ఒక్కటే ఎంచుకోకూడదు. ప్రతిపక్ష నాయకుడూ, హైకోర్టు సూచించే ఒకరూ ఉన్న ఎంపిక సంఘం ఎంచాలి. పేర్లూ, అర్హతలూ ముందే బయటపెట్టాలి. గడువులోపు ఊరికే తీసేసే వీలుండకూడదు.

2. పెద్ద అభయారణ్యాల విషయం చర్చకొచ్చినప్పుడు, అక్కడి గ్రామసభలు పంపిన ఇద్దరికి ఓటుతో సహా కుర్చీ ఉండాలి. కొల్లేరు అయితే అందులో ఒకరు వలేసేవాడే అయ్యుండాలి.

3. నీళ్ళ లెక్క తెలిసినవాళ్ళు ఒకరు తప్పనిసరి. పర్యాటక సంస్థ ఎండీగారు పిలిచినప్పుడు వచ్చి చెప్పి వెళ్తే చాలు.

4. అజెండా నెల ముందు తెలుగులో పెట్టాలి. ఎవరు సరే అన్నారో, ఎవరు కాదన్నారో, ఎందుకో, పేర్లతో మినిట్స్ పదిహేను రోజుల్లో బయటికి రావాలి. ఒకసారి వద్దన్నది మళ్ళీ తెస్తే, ఈ మధ్యలో ఏం మారిందో రాసి తీరాలి. పదకొండు రోజుల మాయలు ఆగిపోతాయి.

5. స్థాయీ సంఘంలో సగం మంది ఆ 13 మందిలోంచే ఉండాలి. ఏడాదికి రెండుసార్లు బోర్డు కూచోవాలని చట్టంలోనే ఉంది. ఆ రెండూ జరక్కపోతే స్థాయీ సంఘం నిర్ణయాలు చెల్లకూడదు.

ఇందులో నాలుగోదానికి చట్టం కూడా మార్చక్కర్లేదు. ఒక జీవో చాలు. మనసుంటే రేపే ఇవ్వొచ్చు. ఇవ్వరెందుకో మీకు చెప్పక్కర్లేదు.

రాయడం అయ్యాక బాబాయికి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు తిట్టాడు. అంతా విన్నాక, "సరే గానీ, ఆ పదముగ్గురూ మన రాష్ట్రంలో ఎవర్రా ఇప్పుడు?" అన్నాడు.

మా ఆఫీసులో పక్క సీట్ల వాళ్ళని అడిగాను. ట్రెక్కింగుకి వెళ్ళేవాళ్ళని, పక్షుల ఫొటోలు తీసి అందరికీ చూపించేవాళ్ళని అడిగాను. ఒక్కరూ ఒక్క పేరూ చెప్పలేకపోయారు. ఐపీఎల్ టీముల్లో పన్నెండో ఆటగాడి పేరు కూడా చెప్తారు. మీరైనా చెప్పగలరా? ముందు ఆ పేర్లు తెలుసుకుందాం. వాళ్ళు మన తరఫున ఏం మాట్లాడారో అడుగుదాం. అడిగేవాళ్ళు లేని కుర్చీలో ఎవరు కూచున్నా ఒకటే.